గీతల కూడలిలో కుంకుమ

"ఇయ్యాల్టి నుంచి ఆదోనిలో కరెంటు మన మాట ఇంటాది!" అని మంత్రి భీమసేనరావు ప్రకటించగానే హాలంతా చప్పట్లు మోగాయి. అప్పుడే కరెంటు పోయి ఫ్యాన్లు ఆగడంతో చప్పట్లు మరింత స్పష్టంగా వినిపించాయి.

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం. అక్కడి ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కేంద్రానికి సర్క్యూట్లు గీసే కంప్యూటర్ వచ్చింది. దాని మీద తొలి బొమ్మ, ఓల్టేజీ స్టెబిలైజర్‌ది, టెంపరరీ ఇంజనీరు చంద్రకళ గీసింది. వచ్చే వారం ఎమ్మిగనూరు సభలో మంత్రిగారు ఆ స్టెబిలైజర్ స్విచ్చి నొక్కుతారు. పనిచేస్తే చంద్రకళ ఉద్యోగం పర్మనెంటు. లేకుంటే ఇంటికే.

కరెంటు వచ్చాక ఆమె ప్రింటు తీసి, కాగితం పరిచి వివరించింది. "ప్లస్ పైన, ఎర్త్ కింద గీయాల సార్. లోపలికొచ్చేది ఎడమన, బయటికి పోయేది కుడిన. ముఖ్యంగా, గీత మీద గీత పోయినచోట చుక్క ఉంటే తీగలు కలిసినట్టు. లేకుంటే కలవనట్టు."

"శానా బాగుండాదమ్మా," అన్నారు మంత్రిగారు వినకుండానే, కుంకుమ భరిణె అందుకుంటూ.

కంప్యూటర్‌కు బొట్టు పెట్టారు. ప్రింటర్‌కు పెట్టారు. కాగితానికి నాలుగు మూలలా పెట్టి ఆగారు. మహానాయకులకూ మనకూ తేడా ఇక్కడే.

"ఇన్ని సోట్ల నాలుగు దార్లు కలుస్తాండాయే! దిష్టి తగిలేది కూడల్లోనే కదప్పా?" అని, గీత గీతను దాటిన ప్రతిచోటా ఓపిగ్గా బొట్టు పెట్టారు.

కలవకూడని తీగలన్నీ బొట్టు బొట్టుకూ కలిసిపోతుంటే చంద్రకళ లెక్కపెట్టుకుంది.

పెట్టె తయారీకని జిరాక్సు తీస్తే కుంకుమ బొట్లన్నీ నల్లచుక్కలుగా వచ్చాయి. ఫోర్‌మన్ బడే సాబ్ అది చూసి తల పట్టుకున్నాడు.

"మేడమ్, బొట్టు బొట్టుకూ టంకం పెడితే అది స్టెబిలైజర్ కాదు, పొయ్యి అయితాది."

"బొట్లు వదిలేసి చెయ్యన్నా."

డైరెక్టర్ బసన్న ఉలిక్కిపడ్డాడు. "మంత్రిగారు పెట్టిన బొట్టు సెరిపేదానికి నీకెన్ని గుండెలమ్మా?"

చంద్రకళ చెరపలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని, భాగాలను అటూ ఇటూ జరిపి, ఒక్క గీతా ఇంకో గీతను దాటకుండా బొమ్మంతా మళ్ళీ గీసింది. బడే సాబ్ ఆ ప్రకారం స్టెబిలైజర్ పెట్టె చేశాడు. దానికి తగిలించిన బల్బు నిలకడగా వెలిగింది. బసన్న మురిసిపోయి కొత్త బొమ్మను మంత్రిగారి ఆశీస్సులకు పట్టుకుపోయాడు.

మంత్రిగారు కాగితాన్ని తిప్పి తిప్పి చూశారు. "ఒక్క కూడలీ లేదే! నేను బొట్టు యాడ పెట్టాలప్పా? నన్ను తప్పించేదానికే గీసినట్టుండాది!"

బొట్లున్న పాత బొమ్మ ప్రకారమే ఇంకో పెట్టె తయారైంది.

ఎమ్మిగనూరులో, మసక చీకట్లో, వేలమంది ముందు మంత్రిగారు స్విచ్చి నొక్కారు. పెట్టె గురక పెట్టింది. ఢాం! పొగ. మైకు మూగబోయింది; వేదిక మీదా బజారులో లైట్లన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. ఉద్యోగం పోయిందనుకుని చంద్రకళ కళ్ళు మూసుకుంది.

మంత్రిగారి గొంతు మైకు లేకుండానే మోగింది. "సూసినారా, మీ ఊరి మీద ఎంత దిష్టి ఉండాదో! బొట్లు పెట్టినాం కాబట్టి పెట్టెతో పోయింది. లేకుంటే ఊరే కాలిపోతాండె!"

చీకట్లో చప్పట్లు ఆగలేదు.

సోమవారం చంద్రకళకు పర్మనెంటు ఆర్డరు వచ్చింది. ఇకపై గీతలు దాటుకున్న ప్రతిచోటా కంప్యూటరే చుక్క పెట్టేలా చూడడం ఆమె బాధ్యత. ఉద్యోగంలో చేరుతున్నట్టు ఆమె సంతకం చేసింది. బసన్న ఆ కాగితాన్ని వెలుతురులో పట్టి చూశాడు. సంతకంలో ఒకచోట గీత గీతను దాటింది.

ఆయన జేబులోంచి భరిణె తీశాడు.