ఎడమవైపు నుంచి సైబీరియా

ఆ శనివారం ఉదయం హెర్బర్ట్ థర్టిల్ పెట్టుకున్న పని ఒక్కటే: వాన పడేలోగా బంగాళాదుంపలు తవ్వెయ్యాలి. పార పట్టుకుని వెనక తలుపు తీసేసరికి కంచె అవతల ఆకుపచ్చ కోట్లు కనిపించాయి. ఒకరు కాదు, ఇద్దరు కాదు, సందంతా దుర్భిణీలే. అన్నీ అతని వంటింటి కిటికీకే గురిపెట్టి ఉన్నాయి.

“ఎవడన్నా చచ్చాడా?” అని అరిచాడు.

“ష్!” అంది కంచె మొత్తం.

దీనికంతటికీ మూలం కాలం చేసిన అతని భార్య ఎడ్నా కెమెరా. ఆమె పోయిన నాటి నుంచీ అది బీరువా మీదే ఉంది. లోపలి ఫిల్ములో ఒక్క బొమ్మకు చోటు మిగిలింది. కిటికీ గట్టు మీద ఎండుద్రాక్ష తింటున్న నల్లపిట్టను తీసి, దాన్ని పూర్తిచేసి, మందుల షాపు డెన్నిస్ కబిట్‌కు కడగమని ఇచ్చాడు. మిగతా బొమ్మల్లో ఏముంటుందో అతనికి తెలుసు: ఖాళీ కొమ్మలు. పిట్ట ఎగిరిపోయాకే మీట నొక్కడం ఎడ్నా అలవాటు. అయినా ఆ కొమ్మలను ఒకసారి చూసుకోవాలనిపించింది.

అప్పట్లో సముద్రం పక్కన ఉప్పుబీడు మీద ఆమె ఒక గులాబి రంగు పిట్టను చూసింది. హెర్బర్ట్ పక్కనే ఉన్నాడు. ఫొటోలో మాత్రం వట్టి రెల్లే పడింది. ఎవరు చూసిన పిట్ట నిజమో తేల్చే జిల్లా పక్షుల కమిటీకి పెద్ద అయిన పార్జిటర్ దాన్ని అటూ ఇటూ తిప్పి, “రుజువు కాలేదు” అన్నాడు. “నేనూ చూశానండీ” అన్నాడు హెర్బర్ట్. “మొగుడి సాక్ష్యం చెల్లదు” అన్నాడు పార్జిటర్. ఎడ్నా నవ్వి ఊరుకుంది. హెర్బర్ట్ నవ్వనూ లేదు, ఊరుకోనూ లేదు. పార్జిటర్ ఎదురైతే రోడ్డు దాటేసేవాడు. ఆవిడ చూసింది నిజమేనని ఎప్పటికైనా ఆ నోటితోనే అనిపించాలి. అతనికి మిగిలిన కోరిక అదొక్కటే.

డెన్నిస్ ఫిల్ము కడిగాడు. చివరి ఫొటోలో నల్లటి ఒళ్ళు, కంటి మీద తెల్లటి గీత. సైబీరియా అడవుల నుంచి ఎప్పుడో ఒకటి దారితప్పి వచ్చే పిట్ట అచ్చం అలాగే ఉంటుంది. “అదేనేమో” అని టీ కొట్టుకు ఫోను చేశాడు. ఆ కొట్టులో ఫోను మోగితే దగ్గరున్నవాడు ఎత్తి, ఏ పిట్ట ఎక్కడుందో అడిగినవాళ్ళకు చెప్పాలి. నార్ఫోక్ తీరంలో పిట్టలు చూడ్డానికి తిరిగేవాళ్ళ ఆచారమది. నోటినిండా కేకుతో చెప్పేవాడు ముందుగా మింగేది ‘ఏమో’నే. సాయంత్రానికల్లా మిగిలింది లండన్ చేరింది.

“కోప్పడకండి హెర్బర్ట్ గారూ, మీ ఇంట్లో అద్భుతం దిగింది,” అన్నాడు డెన్నిస్ కంచె మీంచి.

“దిగింది మీరు. నా క్యాబేజీల మీద. ఒరే, అది మామూలు నల్లపిట్టరా. వసంతం నుంచీ నా చేతిలో తింటోంది.”

“ఇంటివాళ్ళంతా ఇదే మాటండీ,” అన్నాడు వెనకున్న ఒకాయన. “కిందటేడు ఒకావిడ అరుదైన పిట్టను పట్టుకుని ‘మామూలు పిచ్చుకే కదా’ అని పిల్లిని వదిలేసింది. ఎంతమంది ఏడ్చారనుకున్నారు!”

ఇంతలో పార్జిటర్ వచ్చాడు. జనం దారి ఇచ్చారు. పిట్ట సందుకు ఎడమ చెంప చూపిస్తూ తింటోంది. ఆయన దుర్భిణిలోంచి చూసి, ఊపిరి బిగబట్టి, “సందేహమే లేదు. రాసుకోండి!” అన్నాడు. అందరూ రాసుకున్నారు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు.

హెర్బర్ట్ లోపలికి వెళ్ళి, గట్టు అవతలి కొసన ఒక ఎండుద్రాక్ష పెట్టాడు. పిట్ట అటు తిరిగింది. కుడి చెంప బొగ్గులా ఉంది.

“ఈ వైపు గీత లేదే?” అన్నాడు హెర్బర్ట్ కిటికీలోంచి.

“వెలుతురు అలా ఉంది,” అన్నాడు పార్జిటర్.

“వెలుతురు ఒక్క కంటి మీదే పడుతుందేమిటయ్యా?”

పిట్ట ఎగిరి, తలుపు పక్కన వదిలేసిన పార పిడి మీద వాలి “చింక్, చింక్” అంది. ఆ దేశంలో ప్రతి పెరట్లోనూ మునిమాపువేళ వినపడే నల్లపిట్ట కూత అది; ఎడమ కంటి మీది గీత వట్టి పుట్టుమచ్చ. దుర్భిణీలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. లండన్ నుంచి వచ్చినవాళ్ళు డెన్నిస్‌ను చూశారు. డెన్నిస్ తన బూట్లను చూసుకున్నాడు.

పార్జిటర్ మాత్రం వెనక తలుపు దగ్గరికి వచ్చాడు.

“థర్టిల్ గారూ, ఒక్క మాట. తెల్లవారుజాము నుంచీ ఇంకో పిట్ట కూడా వచ్చి పోతోందని మీరంటే చాలు, ఇందాక నేను చూసింది దాన్నని చెప్పుకుంటాను. మీ ఆవిడగారి గులాబి పిట్టను మళ్ళీ పరిశీలిస్తాం. నిజానికి ఆవిడ చూసింది నిజమేనని నాకు అప్పుడే అనిపించింది.”

ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట. ఆ నోటితోనే వచ్చింది. హెర్బర్ట్ దాన్ని కాసేపు లోపల తిప్పి చూసుకున్నాడు. చప్పగా ఉంది.

“అప్పుడే అనిపించిందా? అప్పుడు ఆవిడ బతికే ఉంది.”

“నా పరువు...”

“ఎడ్నాది నిజం పిట్ట. దాన్ని మీ దొంగ పిట్ట పక్కన కూర్చోబెట్టను.”

“మరి బయట ఉన్నవాళ్ళకు ఏం చెప్పమంటారు?”

“మా ఆవిడకు చెప్పిందే చెప్పండి. రుజువు కాలేదనండి. నవ్వి ఊరుకోవడం చేతనైనవాళ్ళకు అదేమంత నొప్పి కాదు.”

పార్జిటర్ టోపీ పెట్టుకుని, అప్పుడే మొదలైన వానలోకి నడిచాడు. పోతూ పోతూ గేటు సరిగ్గా వేసి వెళ్ళాడు. అంతమందిలో ఆ పని చేసింది ఆయనొక్కడే.