చంద్రయ్య ఎర్ర టై

ఆ పొద్దున రుక్కమ్మ అనుకున్నది ఒక్కటే: కొడుకు రవీందర్‌ను ఎనిమిదింటికల్లా బస్సు ఎక్కించాలి. హైటెక్ సిటీ కంపెనీలో అతన్ని మూడు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. ఆ గడువు ఇవాళ్టితో ముగుస్తుంది. ఇప్పటికే రెండు లేట్లు పడ్డాయి. మూడోది పడితే ఇంటికే. తొమ్మిది దాటితే లేటు. మెడలో టై, కార్డు లేకపోతే గేటే దాటనివ్వరు.

బోరబండలో నాలుగు వీధుల బట్టలు ఇస్త్రీ చేసే రుక్కమ్మకు టై ఒక లెక్కా? ఇస్త్రీ పెట్టె నిండా బొగ్గులు రాజేసి, కొడుక్కున్న ఒక్క టై మీద గట్టిగా అదిమింది. పెట్టె లేపితే సగం టై పెట్టెతోనే లేచింది.

"అమ్మా, ఇగ నా నౌకరి పోయింది," అన్నాడు రవీందర్.

"నౌకరి మెడల లేదు బిడ్డా, తలకాయల ఉన్నది. జర ఆగు," అని ఆమె పక్కింటి చంద్రయ్య తలుపు కొట్టింది.

చంద్రయ్య పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. అతని టై ఎర్రది. అంచులకు జరీ, వెనక ఎలాస్టిక్.

"ఇయ్యాల రాత్రి ఏడింటికి మూసాపేటల పెండ్లి ఉన్నదక్కా. టై లేనోన్ని మా మాస్టర్ మేళంల నిలవడనియ్యడు."

"ఆరింటికే నీ మెడల ఉంటది. ఫికర్ చెయ్యకు."

రవీందర్ ఎర్ర టై తగిలించుకుని పరుగెత్తాడు. అతను పోయిన కాసేపటికి ఇస్త్రీ బల్ల మీద అతని కార్డు కనిపించింది. రుక్కమ్మ అది పట్టుకుని ఆటో ఎక్కింది.

ఆమె దిగేసరికి కంపెనీ గేటు బయట ఇద్దరు నిలబడి ఉన్నారు. రవీందర్‌కు టై ఉంది, కార్డు లేదు. మేనేజరు సురేంద్రకు కార్డు ఉంది, టై లేదు. ఈ నియమాలన్నీ రాసింది ఆయనే. బెంగుళూరు నుంచి పెద్దలు వచ్చారన్న కంగారులో టై దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంట్లోనే మరిచిపోయి వచ్చాడు.

"నేనెవరో తెలీదా పుల్లయ్యా?" అని వాచ్‌మన్‌ను అడుగుతున్నాడు.

"తెలుసు సార్. టై లేకుంటే మిమ్మల్నైనా ఆపాలని మీరే చెప్పిండ్రు. పోయిన సోమవారం."

తొమ్మిదికి నాలుగు నిమిషాలుంది. రుక్కమ్మ కార్డు కొడుకు మెడలో వేసింది. సురేంద్ర చూపు ఎర్ర టై మీద పడింది.

"ఆ టై నాకియ్యప్పా."

రవీందర్ చెయ్యి ఎలాస్టిక్ దాకా పోయింది. రుక్కమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఇస్తడు సార్. గిప్పుడే ఇస్తే వీడు బయట ఉంటడు, మూడో లేటు పడుతది. ముందుగాల వీన్ని లోపలికి పోనియ్యిండ్రి. పోయినంక గేటు ఊచల సందులకెల్లి ఇస్తడు. గప్పుడు మీరు పోండ్రి."

"అది నియమానికి ఒప్పుతాదా?" సురేంద్ర అలవాటుకొద్దీ పుల్లయ్యను అడిగాడు.

"లోపలికి పోయేటప్పుడు మెడల టై ఉండాలనే రాసిండ్రు సార్. పోయినంక సంగతి రాయలే."

ఎనిమిది యాభై ఎనిమిదికి రవీందర్ మిషన్లో కార్డు గీకాడు. యాభై తొమ్మిదికి జరీ టైతో సురేంద్ర గీకాడు.

సాయంత్రం ఆరింటికి రవీందర్ ఉద్యోగం ఖాయమైన కాగితంతో ఇల్లు చేరాడు. రుక్కమ్మ దాన్ని కళ్లకద్దుకుని, "టై ఏదిరా?" అంది.

"సార్ మెడలనే ఉన్నదమ్మా, మీటింగ్ అయిపోలే. సక్కగ మూసాపేటకే తెస్తనన్నడు."

సురేంద్ర పెళ్లి పందిరి దగ్గర కారు దిగి పరుగున వచ్చేసరికి ఏడుంబావు. చంద్రయ్య టై లేక ఓ మూల నిలబడి ఉన్నాడు. బ్యాండు మాస్టరు కొమురయ్య, వచ్చినాయన మెడలో ఎర్ర టై చూశాడు, చేతి గడియారం చూశాడు.

"పావుగంట లేటు. పోయి వెనక వరసల నిలవడు."

సురేంద్ర టై విప్పి చంద్రయ్య మెడలో వేశాడు. కొమురయ్య మళ్లీ ఆయన్నే ఎగాదిగా చూశాడు.

"టై లేదా? అయితే బయట నిలవడు."

ఒక్క రోజులో రెండోసారి బయట నిలబడిన సురేంద్ర, బ్యాండు మోగినంతసేపూ ఆలోచించాడు. మర్నాడు కంపెనీ నోటీసు బోర్డు మీది నియమాల్లో టై అన్న మాట కనిపించలేదు.