రెండు వందల అడుగుల లోపు వారికి మాత్రమే

ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరోకి పది నిమిషాల దూరంలో ఉన్న మా వీధిలో, మా ఇంటి పడమటి సరిహద్దు గీత మీద, పక్కవారి గడ్డిని అంగుళమైనా తొక్కకుండా, ఇరవై నాలుగు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల ఎత్తున ఒక గరాజ్ గోడ లేపడానికి మావారు శశికాంత్ గారు నిశ్చయించారు. ఇది కుటుంబ సభ్యులందరూ కలిసి తీసుకున్న నిర్ణయమని దరఖాస్తులో రాశారు. కుటుంబ సభ్యులంటే ఆయన, నేను, మా నాలుగేళ్ల వేద. మా ఇద్దరికీ ఆ సంగతి తర్వాత తెలిసింది. పెద్ద నిర్ణయాలు ఎక్కడైనా అలాగే జరుగుతాయి కాబట్టి మేమేమీ అనుకోలేదు.

మాకు ఇప్పటికే ఒక గరాజ్ ఉంది. అందులో బియ్యం బస్తాలు, తొమ్మిది సూట్‌కేసులు, చేపలు వేయించే స్టవ్, ఎవరిదో మర్చిపోయిన డ్రెస్సింగ్ టేబుల్ సుఖంగా ఉంటున్నాయి. కార్లు బయట మంచులో ఉంటాయి. కొత్త గరాజ్ కూడా కార్ల కోసమని ఎవరైనా అనుకుంటే వాళ్లు అమెరికాకి కొత్తవాళ్లయి ఉండాలి. అది బరువు కోసం.

బరువెందుకో చెప్తాను. మావారి గ్రీన్‌కార్డు తేదీ ఆరేళ్లుగా కదలడం లేదు. లాయర్‌ని అడిగితే వీసా లెక్కలు చెప్పాడు. తెనాలి సిద్ధాంతి గారిని వీడియో కాల్‌లో అడిగితే అసలు కారణం చెప్పారు. ఫోన్‌ని ఇంటి చుట్టూ తిప్పమని, పడమటి పక్క ఆపమని, కాసేపు కళ్లు మూసుకుని, "పడమర బోసిగా ఉంది నాయనా. బరువు లేని పడమర పనులు కదలనివ్వదు. వాహనశాల పెట్టించు, తేదీ అదే నడుచుకుంటూ వస్తుంది," అన్నారు. మా పడమర తేలిగ్గా ఉన్న సంగతి వాషింగ్టన్ అధికారులకి ఎవరు చేరవేశారో గాని, ఇన్నాళ్ల జాప్యానికి కారణం ఆ రోజు తేలిపోయింది. మావారికి నిద్ర పట్టింది.

అయితే మా పడమర పక్కవారికి తూర్పు. పక్కవారంటే ధర్మారావు గారు, కృష్ణవేణి ఆంటీ. ధర్మారావు గారు మా కౌంటీ తెలుగు సంఘానికి రెండుసార్లు అధ్యక్షులుగా చేశారు, మూడోసారికి నిలబడుతున్నారు. వారికీ ఒక సిద్ధాంతి ఉన్నారు, ఈయన హైదరాబాదు. తూర్పు మూసుకుంటే పదవీయోగం మూసుకుంటుందని ఆయన రాతపూర్వకంగా హెచ్చరించారు. ఆ విధంగా ఒకే గోడ ఒకరికి గ్రీన్‌కార్డు, ఇంకొకరికి ఓటమి అయింది. ఇంత పని చేయగల గోడ మన రాష్ట్రాల్లో కూడా అరుదు.

ఇక నా సంగతి. మా వంటింటి కిటికీ పడమటి వైపుంది. కృష్ణవేణి ఆంటీ వంటింటి కిటికీ తూర్పు వైపుంది. మధ్యలో ఇరవై రెండు అడుగుల గడ్డి. ఆంటీ గుంటూరు పెద్దాసుపత్రిలో ఇరవయ్యేళ్లు నర్సుగా చేశారు. వేద పుట్టినప్పటి నుంచి దాని ఒంటి మీద లేచిన ప్రతి దద్దునీ, ప్రతి దగ్గునీ నేను ఆ కిటికీలోంచే చూపించాను. నేను కొంచెం భయస్తురాలిని. పిల్ల ఎక్కువ నవ్వినా నాకు కంగారే. ఆంటీ ఎప్పుడూ విసుక్కోలేదు, గరిటె పక్కన పెట్టి చూసేవారు.

మొన్న ఫిబ్రవరిలో వేద ముక్కులో పచ్చి బఠాణీ పెట్టుకుంది. నేను దాన్ని ఎత్తుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తాను.

"ఆంటీ, లోపలికి పోయింది, కనిపించట్లేదు. 911కి కాల్ చేయనా?"

"బఠాణీకి ఫైరింజన్ ఎందుకే అమ్మాయ్. దాన్ని వెలుతురుకి తిప్పు. ఆఁ, ఉంది అక్కడే. వేలు పెట్టకు. నోరు మూసుకోమని రెండో ముక్కు నొక్కిపట్టు. వేదా, చీదమ్మా, తాతయ్య చీదినట్టు చీదు."

వేద చీదింది. బఠాణీ వచ్చి గిన్నెల స్టాండులో పడింది.

"నువ్వు మంచినీళ్లు తాగు. పిల్లకేం కాలేదు, నీకే చెమటలు," అన్నారు ఆంటీ, మళ్లీ గరిటె తీసుకుంటూ.

గోడ లేస్తే ఈ ఆసుపత్రి మూతపడుతుంది. ఫోన్ ఉందిగా అంటారు. ఆంటీ ఫోన్ ఎప్పుడూ పై అంతస్తులో చార్జింగ్‌లో ఉంటుంది, ఆవిడ ఎప్పుడూ కింద ఉంటారు. ఈ ఇబ్బంది గురించి మావారి దరఖాస్తులో గడి లేదు. నీటి పారుదల గురించి ఉంది, ఉడతల గురించి ఉంది.

మా టౌన్‌షిప్ నిబంధన ప్రకారం సరిహద్దుకి పది అడుగుల లోపల ఏదీ కట్టకూడదు. కట్టి తీరాలంటే జోనింగ్ బోర్డు ముందు విచారణ జరగాలి. దానికి ముందు, రెండు వందల అడుగుల లోపు ఇళ్ల యజమానులందరికీ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలి. చట్టం దూరదృష్టి గలది. రెండు వందల అడుగుల దాకా చూస్తుంది.

మావారి ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏదైనా నలుగురికి పంపే ముందు ఒకటి మనకే పంపుకుని, చేరిందో లేదో చూడాలన్నది ఆయన వృత్తి ధర్మం. అందుకని ముప్పై ఒక్క నోటీసులు పంపే ముందు ఒకటి మా ఇంటికే పంపుకున్నారు. ఇంటి పత్రాల్లో నా పేరు కూడా ఉంది కాబట్టి, టెస్ట్‌కి నా పేరు పెట్టారు. పోస్టామె వచ్చింది, నేను సంతకం పెట్టి తీసుకున్నాను. సాయంత్రం ఆయన, "వచ్చిందా?" అని అడిగారు. వచ్చిందన్నాను. "పాస్," అని ఆనందంగా లాప్‌టాప్‌లో టిక్కు పెట్టుకున్నారు.

ఇంటర్ రెండో ఏడులో పెళ్లయి చదువు ఆగిన నాలాంటి వాళ్లకి ఒక చెడ్డ అలవాటు ఉంటుంది. ఉత్తరం వస్తే చివరిదాకా చదువుతాం. పెద్ద చదువుల వాళ్లు సబ్జెక్ట్ లైను చూసి వదిలేస్తారు. నేను నిఘంటువు పక్కన పెట్టుకుని రెండు మధ్యాహ్నాలు చదివాను. చివరి పేరాలో, ఈ నోటీసు అందుకున్న యజమానికి విచారణకు హాజరై అభ్యంతరం చెప్పే హక్కు ఉన్నదని రాసి ఉంది. కింద మావారి సంతకం ఉంది. పెళ్లయిన ఏడేళ్లలో ఆయన నా అభిప్రాయం రాతపూర్వకంగా కోరడం అదే మొదలు.

విచారణ రోజు వచ్చింది. జోనింగ్ బోర్డు సమావేశానికి మామూలుగా ముగ్గురు వస్తారట, అందులో ఒకరు దారి తప్పి. ఆ సాయంత్రం అరవై మంది వచ్చారు. పట్టుచీరలు, పిల్లలు, ట్రేలలో పులిహోర. మన వాళ్లకి మైకూ వేదికా వరసగా కుర్చీల్లో పెద్దమనుషులూ కనిపిస్తే అది సభే. తూర్పు పక్షం ఎడమ పక్క, పడమర పక్షం కుడి పక్క కూర్చుని, మధ్య దారిలో ఒకరి పులిహోర ఒకరికి అందించుకున్నారు. ఒకరి పిల్లకి జ్వరమని తెలిసి రెండు పక్షాలూ మందు చెప్పాయి.

ముందు మావారు ముప్పై నాలుగు స్లైడ్లు చూపించారు. ఒక స్లైడ్‌లో గోడ ఉంది. మిగతావాటిలో గోడ వల్ల వీధికి చేకూరే లాభాలు, రంగు రంగుల బాణాలతో ఉన్నాయి. చివరి స్లైడ్‌లో మా ముగ్గురి ఫోటో పెట్టి, "మై ఫ్యామిలీ ఈజ్ మై స్ట్రెంత్," అన్నారు. కుడి పక్క చప్పట్లు.

తర్వాత ధర్మారావు గారు లేచారు. కుర్చీలో ఉన్న ముసలి చైర్మన్‌కి నమస్కరించి, "వేదికనలంకరించిన పెద్దలకు," అని తెలుగులో మొదలుపెట్టి, "రెస్పెక్టెడ్ డిగ్నిటరీస్," అని ఇంగ్లీషులోకి దించారు. పదకొండు నిమిషాల ప్రసంగంలో మొదటి ఏడు నిమిషాలు తెలుగుజాతి ఈ జిల్లాకు చేసిన సేవ. ఎనిమిదో నిమిషంలో సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని బోర్డు దృష్టికి తెచ్చారు. ముగింపులో, ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద కొన్న జరీ శాలువా తీసి చైర్మన్ భుజాల మీద కప్పేశారు. ఫోటో కోసం రెండుసార్లు కప్పారు.

బోర్డు లాయర్ లేచి, దరఖాస్తు మీద మాట్లాడేవారు సభ్యులకి వస్తువులు ఇవ్వకూడదన్నాడు. తీసేద్దామంటే జరీ చైర్మన్ కళ్లజోడుకి చిక్కుకుంది. చివరికి శాలువాని సాక్ష్యంగా నమోదు చేశారు. టౌన్‌షిప్ రికార్డుల్లో అది ఇప్పటికీ ప్రతివాదుల వస్తువు నంబర్ ఒకటి.

"నోటీసు అందినవారు ఇంకెవరైనా మాట్లాడతారా?" అని చైర్మన్ అడిగారు.

నేను ఉత్తరం పైకెత్తాను. ఒళ్లో నిద్రపోతున్న వేదని కృష్ణవేణి ఆంటీ చేతుల్లో పెట్టి మైకు దగ్గరికి వెళ్లాను.

"పేరు?"

"హంసిక."

"మీ ఇల్లు దరఖాస్తు స్థలానికి ఎంత దూరం?"

"సున్నా అడుగులండీ. దరఖాస్తు మాదే. నాకు అభ్యంతరం ఉంది."

బోర్డు లాయర్ ఒక పుస్తకం తిరగేశాడు, తర్వాత ఇంకోటి. మావారు లేచి, "సర్, దట్ వజ్ జస్ట్ ఎ టెస్ట్ మెయిల్," అన్నారు. లాయర్ ఆ ఉత్తరం తీసుకుని చూసి, సంతకం చూసి, ఇది సరైన నోటీసే, ఈమె సరైన యజమానే అన్నాడు.

నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. కిటికీ గురించి, దద్దుల గురించి, బఠాణీ గురించి. రెండో ముక్కు నొక్కిపట్టడం చేసి చూపించాను. ఈ దేశంలో నాకు అమ్మా అత్తా అందరూ ఆ ఇరవై రెండు అడుగుల అవతలే ఉన్నారని, అది మూసేస్తే పిల్లని పెంచడం నాకు చేతకాదని చెప్పాను. గోడ బలం గురించి నాకేమీ తెలియదన్నాను. బోర్డులో ఉన్న ఒక ముసలావిడ, బఠాణీ పచ్చిదా వండిందా అని అడిగి రాసుకుంది.

అయిదుగురు వద్దన్నారు, ఇద్దరు కావాలన్నారు. ఆ ఇద్దరికీ బాణాలు నచ్చాయట. దరఖాస్తు తిరస్కరించారు. తూర్పు పక్షం చప్పట్లు కొట్టబోయి, భర్త మీద గెలిచిన భార్యకి చప్పట్లు కొట్టవచ్చునో లేదో తేల్చుకోలేక, సగంలో ఆపి పులిహోర పంచింది.

ఇంటికెళ్తూ కార్లో మావారు రెండు సిగ్నళ్లు దాటించారు.

"బఠాణీ సంగతి నాకెందుకు చెప్పలేదు?" అన్నారు మూడో దగ్గర.

"మీరు మీటింగ్‌లో ఉన్నారండీ."

"తర్వాతైనా చెప్పొచ్చుగా."

"తర్వాతా మీటింగే."

ఆయన నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయారు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

మరుసటి నెల గ్రీన్‌కార్డు తేదీ పదిహేను రోజులు ముందుకు జరిగింది. గోడ కట్టాలని గట్టిగా అనుకోవడం వల్లే జరిగిందని, కట్టి ఉంటే ఏకంగా ఏడాది జరిగేదని సిద్ధాంతి గారు తేల్చారు. తూర్పు నిక్షేపంగా తెరిచి ఉండగానే ధర్మారావు గారు ఎన్నికల్లో ఓడిపోయారు. తప్పు తూర్పుది కాదనీ, నైరుతి ఖాళీగా ఉందనీ వారి సిద్ధాంతి కనిపెట్టారు.

వీధిలో నా గురించి నానా రకాలుగా అనుకున్నారు. మొగుడి పరువు మైకులో తీసిందని పొద్దున అన్నవాళ్లే, మధ్యాహ్నం ఫోన్ చేసి, ఆ ఉత్తరంలో చివరి పేరా ఒకసారి చదివి వినిపించమన్నారు. మగవాళ్లు మాత్రం మావారిని పట్టుకుని, ఇకపై టెస్ట్ మెయిళ్లు ఇంటికి పంపవద్దని గట్టిగా చెప్పారు.

నిన్న పోస్టామె మళ్లీ వచ్చింది. రిజిస్టర్డ్ ఉత్తరం, నా పేరు, మావారి పేరు. పక్కింటివారు తమ పెరట్లో నైరుతి మూల కప్పు వేసిన వరండా కట్టదలచారని, రెండు వందల అడుగుల లోపు యజమానులం గనక మాకు తెలియజేస్తున్నట్టు ఉంది. నేను కిటికీ తీశాను. ఆంటీ అవతల మినప్పప్పు కడుగుతున్నారు.

"ఆంటీ, నైరుతి మూలంటే మీ గోంగూర మడి ఉన్న చోటేగా?"

"అవును, ఏం?"

"వరండా కడుతున్నారటగా."

"ఎవరు?"

"మీరే ఆంటీ. అంకుల్ సంతకం ఉంది. కుటుంబ సభ్యులందరూ కలిసి తీసుకున్న నిర్ణయమట."

ఆవిడ కుళాయి కట్టేశారు. చేతులు తుడుచుకున్నారు.

"ఎంత పొడవట మా వరండా?"

"పద్దెనిమిది అడుగులు."

"విచారణ ఎప్పుడో చూడు అమ్మాయ్, అడుగున రాసుంటుంది."

తేదీ చదివాను. ఆవిడ గోడకున్న కాలెండర్ మీద రాసుకుని, మళ్లీ కుళాయి తిప్పారు.

కాబట్టి చదువరులారా, మీకు ఇలాంటి ఉత్తరం ఇంతవరకూ రాలేదంటే మీ ఇంట్లో ఎవరూ ఏమీ కట్టడం లేదని నిశ్చింతగా ఉండకండి. మీరు మరీ దగ్గరగా ఉన్నారని మాత్రమే దాని అర్థం.