మూడో అంతస్తులో డెన్మార్క్, పోర్చుగల్

పోయిన మంగళవారం నుంచి కాకినాడ రామారావుపేటలోని వీరభద్రరావు ఫ్లాట్‌లో హాలు డెన్మార్క్ అయింది, వంటగది పోర్చుగల్ అయింది. మధ్యనున్న గడపే సరిహద్దు. ఆ వీధిలో ఇలాంటివి మామూలే. ఎదురింటివాళ్ళ బాల్కనీ ఏడాదిగా నార్వేలో ఉంది. బట్టలు ఆరడం లేదన్న ఇబ్బంది తప్ప వాళ్ళు బాగానే ఉన్నారు.

వీరభద్రరావు డెన్మార్క్ పౌరుడు. సోఫా, ఫ్యాను, టీవీ ఆ దేశంలోనే ఉన్నాయి. ఆయన భార్య మంగతాయారు పోర్చుగల్ పౌరురాలు. అక్కడ వేడి ఎక్కువ, జనాభా ఒకరు. ఆవిడ రోజుకి ముప్ఫైసార్లు డెన్మార్క్ వెళ్ళొస్తుంది. అయితే చేతిలో పళ్ళెం ఉంటే అది సరుకు రవాణా కిందకి వస్తుంది, నివాసం కింద రాదు.

ఆవిడకి ఒకటే కోరిక. పెసరట్టు వేడిగా ఉండగానే, ఫ్యాను కింద కూర్చుని తినాలి. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా అది కుదరలేదు. అందుకని రెండు ఫొటోలు అంటించి వలసకి దరఖాస్తు పెట్టుకుంది. భర్త అభ్యంతరం లేదని సంతకం చేశాడు.

"నాదేవుంది, సుబ్బరంగా వచ్చెయ్. వచ్చేటప్పుడు కాస్త అల్లప్పచ్చడి పట్టుకురా," అన్నాడు.

శనివారం పొద్దున జీవన ప్రమాణాల పోలిక కార్యాలయం నుంచి ధర్మలింగం అనే అధికారి వచ్చాడు. ఎక్కువ మార్కులొచ్చిన దేశం నుంచి తక్కువొచ్చిన దేశానికి ఎవరినీ పంపకూడదని రూలు. ఆయన సోఫాలో కూర్చుని రెండు పెసరట్లు తిని డెన్మార్క్‌కి తొంభై నాలుగు వేశాడు. పోర్చుగల్‌ని గడప ఇవతల నుంచే చూసి నలభై వేశాడు.

"అయిపోయిందండమ్మా, వచ్చెయ్యండి," అన్నాడు.

మంగతాయారు స్టవ్ కట్టేసి, ఇంకో పెసరట్టు తన పళ్ళెంలో వేసుకుని గడప దాటింది. సోఫాలో కూర్చుంది. ఫ్యాను గాలి మెడకి తగలగానే ఆవిడకి పట్టరాని సంతోషమేసి నవ్వొచ్చేసింది. అట్టు ముక్క తుంచింది.

ఈలోగా ధర్మలింగం లెక్క సరిచూశాడు. నిబంధనల ప్రకారం అలా ఒక్కసారే చూడొచ్చు. పోర్చుగల్‌లో ఇప్పుడు జనాభా సున్నా. అలసట సున్నా, ఫిర్యాదులు సున్నా. కాబట్టి నూటికి నూరు. డెన్మార్క్‌లో ఒక పౌరుడి పళ్ళెం ఖాళీగా ఉంది. అందుకు ఆరు మార్కులు పోయాయి.

"కంగ్రాట్సండీ! మీ దేశవే ఫస్టొచ్చింది. అంత మంచి దేశం వదిలేసి రావడానికి రూలొప్పుకోదండి," అన్నాడు.

వీరభద్రరావు చప్పట్లు కొట్టాడు. మంగతాయారు తుంచిన ముక్క పళ్ళెంలోనే పెట్టి లేచింది. గడప దగ్గర ఆగి భర్త వైపు తిరిగింది.

"అంత మంచి దేశవైతే మీరూ వచ్చెయ్యకూడదూ?"

ఆయన కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"అక్కడి వేడి నాకు పడదే తాయారూ. నీకైతే అలవాటే."

అది సబబుగానే ఉందని ముగ్గురికీ అనిపించింది. ఆవిడ వెళ్ళి స్టవ్ వెలిగించింది.

నెలాఖరుకి దేశాల మార్కుల జాబితా వచ్చింది. వీధంతా మిఠాయిలు పంచుకున్నారు. మొదటి పది దేశాలూ వంటగదులే. వాటిలో ఒక్కదానికీ వలస కోరుతూ దరఖాస్తు రాలేదు.