మూడు చేతులు పడ్డ చీటీ

ఆ ఉదయం చిట్టి వేసుకున్న ప్రణాళిక చిన్నదే. గుండీలు కొనుక్కొచ్చే దారిలో బాగా ఆలోచించి, పన్నెండులోపు ఏ డిగ్రీ చదవాలో తేల్చేయాలి. కంప్యూటర్ సైన్సా, బిజినెస్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్సా? ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కబోతున్నది తనే మొదలు. నెల రోజులుగా తిండి సహించడం లేదు.

మరిచిపోతానేమోనని రెండు కోర్సుల పేర్లూ, కాలేజీ వెబ్‌సైటు పాస్‌వర్డూ, "పన్నెండులోపు" అన్న మాటా చీటీ మీద రాసి, నాన్న కుట్టు షాపులో పనుల పలకకు గుచ్చి వెళ్ళింది. కొంప మునిగింది అక్కడే. ఆ షాపులో ఒక నియమం ఉంది. పలక మీది పనిని ఎవరి చేయి ఖాళీ అయితే వాళ్ళు పూర్తిచేయాలి. చీటీ తీసేది మాత్రం రాసినవాళ్ళే.

చీటీ మొదట నాన్న కంటపడింది. ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చిన బ్యాంకు ఉద్యోగిని అడిగాడు.

"ఈ రెంటికీ తేడా ఏంటండీ?"

"మొదటిది మిషను తయారుచేసే చదువు. రెండోది మిషనుతో షాపు నడిపే చదువు."

"మిషను చెయ్యడమెందుకండీ, కొంటే దొరుకుతుందిగా!" అంటూ నాన్న షాపు ఫోనులో కాలేజీ వెబ్‌సైటు తెరిచి రెండోది నొక్కేశాడు.

కాజాలు కుట్టడం ముగించి అమ్మ చూసింది. "అయ్యో, కంగారులో పిల్ల షాపు చదువు నొక్కింది! దీని బతుకూ ఈ కొట్లోనేనా?" అని మొదటిది నొక్కింది. తర్వాత ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి అన్నయ్య వచ్చాడు. లెక్కల పరీక్ష ముందురోజు చెల్లి ఎలా ఏడ్చేదో అతనికి తెలుసు. "అందులో నిండా లెక్కలే! నేను చూడబట్టి సరిపోయింది." మళ్ళీ రెండోది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

కంప్యూటర్ సైన్సేనని గట్టిగా నిశ్చయించుకుని చిట్టి తిరిగొచ్చింది. ఫోనులో వెబ్‌సైటు తెరిస్తే, 'మీకు అనుమతించిన మూడు ఎంపికలూ పూర్తయ్యాయి' అని ఉంది. చేతిలోని గుండీలు జలజలా రాలాయి.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

"నేనే! పనైపోయింది" అన్నారు ముగ్గురూ గర్వంగా. ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

షాపుకు తాళం వేసి నలుగురూ పరుగు తీశారు. నాన్న మెడలో టేపు అలాగే వేలాడుతోంది. కాలేజీ ఆఫీసు చేరేసరికి పన్నెండుకు పది నిమిషాలు. భుజాలు పట్టేసిన కోటులో చెయ్యి పైకెత్తలేక అవస్థపడుతూ గుమాస్తా ఒక ఫారం తీశాడు.

"వెబ్‌సైటులో నొక్కింది చిత్తు ప్రతి మాత్రమే. ఇక్కడ సంతకం చేసిందే లెక్క. అడుగున రాసుంది, చదివేవాళ్ళేరీ?"

మూడు చేతులు ఒక్కసారే కలం మీద పడ్డాయి.

"విద్యార్థి ఎవరు?" అన్నాడు గుమాస్తా.

మూడు చేతులూ వెనక్కి పోయాయి. ముగ్గురూ గోడవైపు తిరిగి నిలబడ్డారు. చిట్టి కలం పట్టుకుంది. దారంతా గట్టిగా ఉన్న మనసు తీరా ఇప్పుడు జారిపోయింది. గడియారం టిక్కుటిక్కుమంటోంది.

"నాన్నా... ఏది పెట్టమంటావ్?"

నాన్న వెనక్కి తిరగలేదు. "మనిషిని చూస్తే చొక్కా కొలత చెప్తానమ్మా. బుర్ర కొలత నాకు తెలీదు. ఎవరి కొలతకో నీకు గుడ్డ కత్తిరించాను ఇందాక. ఇంక నన్నడక్కు."

చిట్టి కంప్యూటర్ సైన్స్‌కు టిక్కు పెట్టి సంతకం చేసింది. ఇంకా రెండు నిమిషాలు మిగిలాయి.

గుండె కుదుటపడ్డాక నాన్న కళ్ళు గుమాస్తా భుజాల మీద పడ్డాయి. "ఆ కోటు ఇటివ్వండి సార్, కాస్త వదులు చేసి పంపిస్తా" అని పట్టుకొచ్చి, చీటీ రాసి పలకకు గుచ్చాడు.

వారం తర్వాత గుమాస్తా కోటు తొడుక్కుని చూసుకుంటే, అందులో ఇంకొకరికి సీటు ఖాళీగా ఉంది.