మరియవ్వ ముందస్తు కృతజ్ఞత

సోమవారం స్వామిదాసు చేయవలసిన పనులు ఇవి. ఆఫీసులో సెలవు చీటీ ఇవ్వాలి. జీతం సర్టిఫికెట్‌కు, ఆధార్ కార్డుకు, పెండ్లి ఫోటోకు జిరాక్సులు తీయించాలి. పెండ్లి ఫోటో ఎవరూ అడగలేదు, అడిగితే మళ్లీ వెనక్కి రావాలి కదా అని అతని ముందుచూపు. ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి. భార్య ఎస్తేర్‌ను వెంటబెట్టుకుని కామారెడ్డి బస్సెక్కాలి. లోన్ ఆఫీసులో తడబడకుండా మాట్లాడాలి. సాయంత్రానికి ఎల్లారెడ్డి తిరిగొచ్చి, ఇల్లు మేమే తీసుకుంటున్నామని నారాయణకు మాట ఇవ్వాలి. అప్పటిదాకా ఈ సంగతి ఇంటి మనుషులను దాటి బయటికి పోకూడదు.

ఈ చివరి పని ఆదివారమే చెడిపోయిందని అతనికి తెలియదు.

స్వామిదాసు వాళ్ల ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. ఎల్లారెడ్డిలో ఒక సర్కారు ఆఫీసులో అవుట్‌సోర్సింగ్ మీద కంప్యూటర్ ఆపరేటర్. ఆ ఉద్యోగం ప్రతి మార్చి నెలాఖరుకు ప్రాణం విడిచి, ఏప్రిల్‌లో ఎవరో ఒకరు సంతకం పెడితే లేచి కూర్చుంటుంది. జీతం వచ్చినప్పుడు వస్తుంది. ఎస్తేర్ జాకెట్లు, బడి యూనిఫారాలు కుడుతుంది. ఇద్దరూ స్వామిదాసు తల్లి మరియవ్వతో కలిసి సుగుణమ్మ ఇంటి వెనక భాగంలో కిరాయికి ఉంటున్నారు.

సుగుణమ్మ చెడ్డది కాదు, కానీ ఆమెకు గోడలంటే ప్రాణం. మేకు కొట్టనివ్వదు. అందుకని వాళ్ల క్యాలెండర్ తలుపు గొళ్లేనికి వేలాడుతూ, తలుపు తీసినప్పుడల్లా నేల మీద పడుతుంది. దీపాలు పెట్టాక కుట్టుమిషన్ తొక్కనివ్వదు. ఎస్తేర్ అప్పుడు చేత్తో గుండీలు కుడుతూ కూర్చుంటుంది.

నారాయణ ఇల్లు రెండు గదులది. మస్కట్‌లో మేస్త్రీ పని చేసి కట్టుకున్నాడు. ఇప్పుడు కొడుకు దుకాణం కామారెడ్డిలో పెట్టాడని సామాను అక్కడికి పంపేసి, తాళంచెవి జేబులో వేసుకుని తమ్ముడి ఇంట్లో ఉంటూ బేరం చూస్తున్నాడు. స్వామిదాసు ఆఫీసు నుంచి ఇంటికి దగ్గరి దారి వదిలి, చుట్టు తిరిగి ఆ ఇంటి ముందు నుంచే వస్తాడు. ఎస్తేర్ చూసింది ఒక్కసారే. ముందు గదిలో తూర్పు కిటికీ దగ్గర నిలబడి, ఎండ పడుతున్న చోట చేయి పెట్టి చూసింది. ఆ రోజు నుంచి ఆమె మనసులో మిషన్ అక్కడే ఉంది.

"పిట్లం ఆయన ఇల్లు కొంటనని రొక్కం పట్టుకోని మంగళారం వస్తనన్నడు. సోమారం పొద్దుగూకే దాక నీ కోసం ఆగుత. గాడికే," అని నారాయణ గడువు పెట్టాడు.

ఇక ఆదివారం ఏం జరిగిందో చెప్పాలి. ఆ రోజు చర్చిలో కోతపండుగ. పొలమున్నవాళ్లు వడ్లు, మక్కలు తెస్తారు. లేనివాళ్లు గుమ్మడికాయో, గుడ్లో, కోడో తెస్తారు. ఆరాధన అయ్యాక అన్నీ వేలం వేస్తారు. మరియవ్వ తన పుంజును తెచ్చింది. ఆమెకో పట్టింపు ఉంది. దేవుడు ఇచ్చాక కృతజ్ఞత చెప్పడంలో గొప్పేముంది, ఎవరైనా చెబుతారు. ఇవ్వకముందే చెబితేనే విశ్వాసం. కొడుకు పుట్టకముందు మేకపిల్లను ఇచ్చింది. డిగ్రీ పాస్ కాకముందు కొబ్బరికాయలు ఇచ్చింది. రెండూ జరిగాయి కనుక పద్ధతి మార్చుకోవలసిన అవసరం ఆమెకు కనబడలేదు.

"ఏం మేలుకు ఇస్తున్నవ్, మరియమ్మా?" అని పాస్టరు అయ్యగారు అడిగారు.

"నా కొడుక్కు దేవుడు ఇల్లిచ్చిండు, అయ్యగారూ."

అయ్యగారు మైకులో చెప్పారు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. పుంజును గాంధారి నుంచి వచ్చిన యోబు, మరియవ్వ తమ్ముడు, పంతానికి పోయి పెద్ద ధరకు పాడుకున్నాడు. స్వామిదాసు ఆ సమయంలో ఆఫీసులో ఆదివారం డ్యూటీలో ఉన్నాడు. ఎస్తేర్ చర్చి వెనక పండుగ వంటల దగ్గర పొగలో ఉంది. ఆడవాళ్లు వచ్చి, "శాన సంతోషం ఎస్తేరూ!" అంటే పుంజుకు మంచి ధర పలికినందుకే అనుకుని, "అంతా మా అత్తమ్మ చలువ. మంచిగ మేపింది," అంది.

ఇల్లు రావడానికి అత్తగారు ఏం మేపిందో వాళ్లకు అర్థం కాలేదు. అయినా సంతోషించారు.

సోమవారం కామారెడ్డి లోన్ ఆఫీసులో భూపాల్ అనే ఆఫీసరు కాగితాలు తిరగేశాడు. గోడ మీద 'సెల్‌ఫోన్లు ఆఫ్ చేయండి' అని రాసి ఉంది. అది చదివి నిజంగా ఫోన్ ఆపేసినవాడు ఆ ఆఫీసులో స్వామిదాసు ఒక్కడే. ఎస్తేర్ ఫోన్ ఇంట్లోనే మరియవ్వ దగ్గర ఉంది.

"మీది పర్మినెంటా?"

"రెన్యువల్ అయితది సార్. ప్రతి మార్చికి."

"మార్చి తర్వాత?"

"ఏప్రిల్ వస్తది సార్."

భూపాల్ నవ్వాడు. మంచివాడే. "చూడున్రి, మీలాంటోళ్ల కోసమే మా దగ్గర ఒక స్కీముంది. సొంతిల్లు అస్సలు లేనోళ్లకు, మొదటిసారి కొనేటోళ్లకు. మేడమ్ కుట్టుపని ఆమ్దానీ గూడ కలుపుదం. అయితది." స్వామిదాసు కుర్చీ అంచుకు జరిగాడు. ఎస్తేర్ కొంగు కొస పట్టుకుంది. "ఊకె ఒక మాట, మీ గురించి తెలిసినోళ్ల నంబర్లు రెండు ఇయ్యున్రి."

స్వామిదాసు ఎంతో ఆలోచించి, అబద్ధమాడని మనుషులవే ఇచ్చాడు. ఒకటి సుగుణమ్మది, రెండోది అయ్యగారిది.

భూపాల్ స్పీకరు పెట్టాడు. "అమ్మా, స్వామిదాసు మీ ఇంట్లనే కిరాయికుంటడా?"

"ఉండె సారూ. ఇప్పుడు లేడు. సొంతిల్లు కొన్నడు గద! వాళ్లోళ్లు పొద్దుగాల్నించి సామాను మోస్తున్నరు. కొత్త కిరాయిదార్లు గూడ దిగిన్రు. ఓ పిల్లా, గోడకు తగిలియ్యకు గా బీరువను!"

స్వామిదాసు లేచి నిలబడ్డాడు. భూపాల్ కూర్చోమని చేయి ఊపి రెండో నంబరు కలిపాడు.

"అయ్యగారూ, స్వామిదాసుకు సొంతిల్లు ఉన్నదా?"

"ప్రభువు కృప వల్ల నిన్ననే దయచేసినాడండీ. మేమంతా కళ్లారా చూసినం."

"ఇల్లు చూసిన్రా?"

"పుంజును చూసినం."

భూపాల్ ఫోన్ పెట్టేశాడు. "ఇల్లు లేనోళ్ల స్కీము ఇది."

"నాకు లేదు సార్! ఒట్టు!"

"మీరిచ్చిన ఇద్దరూ ఉన్నదంటున్నరు. లేదనేది మీరొక్కరే." ఫైలు మూసి నెమ్మదిగా ముందుకు జరిపాడు. "ఇయ్యాల కాదు. ఇంటి గోల తేల్చుకోని మళ్ల రాన్రి."

తిరుగు బస్సులో ఆడవాళ్లకు ఉచితం కనుక ఎస్తేర్‌కు జీరో టికెట్, స్వామిదాసుకు పూర్తి టికెట్. దారి పొడుగునా ఇండ్లు. కట్టినవి, కడుతున్నవి, పిల్లర్లు లేచి ఆగిపోయినవి. ఎస్తేర్ అన్నిటినీ చూసింది.

"గా కిటికీకి పరద గూడ అనుకున్న. ఆకుపచ్చది," అంది లింగంపేట దగ్గర.

"నేను నిత్తెం చుట్టు తిరిగి గా ఇంటి ముంగటికెల్లి వస్త."

"తెలుసు. చెప్పులు గంత జల్ది అరిగితె తెల్వదా?"

ఫోన్ ఆన్ చేసే ధైర్యం స్వామిదాసుకు లేకపోయింది.

ఎల్లారెడ్డిలో సుగుణమ్మ వాకిట్లో కొత్త చెప్పులు రెండు జతలు ఉన్నాయి. వాళ్ల గదిలో ఎవరో కొత్త పెండ్లికూతురు పాలు పొంగించి చక్కెర వేస్తోంది. సుగుణమ్మ ఎదురొచ్చి, "ఒక్క మాట నాతోని అంటే నేనేమన్న వద్దంటనా?" అని నిష్ఠూరమాడి, "గోడలు మంచిగ చూసుకున్నరు, దేవుడు చల్లగ చూస్తడు," అని దీవించి తలుపు వేసుకుంది.

నారాయణ ఇంటి ముందు షామియానా ఉంది. లోపల పాటలు. సామాను మోసుకొచ్చిన చర్చి యువకులు ఎస్తేర్ మిషన్‌ను తూర్పు కిటికీ కిందే పెట్టారు, ఎవరూ చెప్పకుండానే. పొద్దున మరియవ్వ వెళ్లి అడిగితే, లోన్ వచ్చే ఉంటుందనుకుని నారాయణ తాళంచెవి ఇచ్చేశాడు. యోబు గాంధారి నుంచి ఆటో నిండా చుట్టాలను, ఒక గోడ గడియారాన్ని, వండిన పుంజును తెచ్చాడు. గడియారం అప్పటికే గోడకెక్కింది. మేకు గోడలోకి గట్టిగా దిగింది.

"అల్లుడా, ఏడికి పోయినవ్‌రా? నీ ఇంటి పండుగకు నువ్వే లేట్!" అన్నాడు యోబు.

"మామా, ఇల్లు..."

"మస్తుగుంది. నేనే అన్న, నా అల్లుడు తెలివిగల్లోడు అని."

"అయ్యగారూ, నేను ఒక్క మాట చెప్పాలె."

"సాక్ష్యం! బ్రదర్ స్వామిదాసు సాక్ష్యం చెప్తడు," అని అయ్యగారు అందరినీ కూర్చోబెట్టారు.

స్వామిదాసు నిలబడ్డాడు. చాప మీద చుట్టాల పిల్లలు, వాకిలి నిండా పెద్దలు. అబద్ధం ఒక్కటి చెబితే ఆ పూట గడిచిపోతుంది. కానీ అతనికి ఆ అలవాటు లేదు. "లోన్ రాలే. ఇల్లు కొనలే. ఇది నారాయణన్న ఇల్లే," అన్నాడు.

చుట్టాలంతా మరియవ్వ వైపు తిరిగారు.

"గట్లెందుకైతది?" అంది మరియవ్వ. "దేవుడైతె ఇచ్చిండు. కాయిదమే ఎనక వస్తది."

"అవ్వా, నీ పుంజే నా లోన్‌ను పొడిచింది!"

అంతలో నారాయణ గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో ఫోన్, ముఖంలో నిప్పులు. "పిట్లమాయన ఒకపారి చూసి పోదమని పగటీలి వచ్చిండట. షామియానా, పాటలు చూసి, అమ్ముడుపోయిందనుకోని బాన్సువాడ పోయి ఇంకో ఇంటికి బయానా ఇచ్చిండట! ఇప్పుడే ఫోన్ చేసి నన్ను తిడుతున్నడు. నా రొక్కం పాయె. నీ లోనేమాయె?"

"రాలేదన్నా."

నారాయణ అందరినీ చూశాడు. చాపలను చూశాడు. గడియారం దగ్గర చూపు ఆగింది. "మేకు ఎవడు కొట్టిండు?"

యోబు అయ్యగారి వెనక్కి జరిగాడు. మరియవ్వ మాత్రం పళ్లెం పట్టుకుని ముందుకొచ్చింది. "ముందుగాల తిను బిడ్డా. కొట్లాట ఏడికి పోదు."

నారాయణ తినకూడదనే అనుకున్నాడు. పొద్దున్నుంచి ఏమీ తినలేదని తర్వాత చెప్పాడు. రెండోసారి కూర వేయించుకునేసరికి గొంతు తగ్గింది. "ఇగ చూడు దాసూ. కొనేటోడు కొనకపాయె, కొనాలనుకున్నోనికి లోన్ రాకపాయె. మిమ్ముల ఎల్లగొడితే మీరు బజార్ల, నా ఇల్లు తాళంల. అందుకని కిరాయికుండు. నీకు లోన్ వచ్చేదాక ఇంకొకలకు అమ్మను. గంతే, సంవత్సరం దాటితే మాత్రం నాకు తెల్వదు."

"మేకులు?" అని ఎస్తేర్ అడిగింది. అందరికంటే ముందు ఆమెకు గుర్తొచ్చింది అదే.

"కొట్టింది ఎట్లనో కొట్టిన్రు. ఇంకోటి కొట్టే ముంగట నాకు ఫోన్ చెయ్యున్రి."

స్వామిదాసు గడియారాన్ని, చుట్టాలు కానుకగా తెచ్చిన గిన్నెలను వాపసు ఇవ్వబోతే వాళ్లు కోప్పడ్డారు. ఇచ్చింది మళ్లీ తీసుకుంటే గాంధారిలో ఇజ్జత్ ఉండదని యోబు అన్నాడు. అలా ఎల్లారెడ్డిలో అందరూ ఇప్పుడు దాన్ని స్వామిదాసు ఇల్లు అనే పిలుస్తున్నారు, నెలకోసారి కిరాయి తీసుకోవడానికి వచ్చే నారాయణతో సహా. ఎస్తేర్ కిటికీకి ఆకుపచ్చ పరదా కుట్టింది. గుడ్డ కొంచెం ఎక్కువ తీసుకుంది, రేపు వేరే ఇంటి కిటికీ అయినా సరిపోవాలని. స్వామిదాసు ఆఫీసు నుంచి నేరుగా ఆ ఇంటికే వస్తాడు. అయినా వీధి మలుపులో ఆగి, లోపలికి పోకముందు దాన్ని కాసేపు పరాయివాడిలా చూస్తాడు.

ఇది చదివిన మీరు ప్రార్థన చేసేవాళ్లయితే ప్రార్థనలో, దీపం పెట్టేవాళ్లయితే దీపం దగ్గర, స్వామిదాసును ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. గృహప్రవేశం అయిపోయింది, ఇల్లు కొనడం ఒక్కటే మిగిలింది.