చెంగన్న తొడలు బిగిసిన వైనం

ఒక పెద్ద అడవిలో కబుర్లకు కొదవలేదు గాని, కబురు మోసుకెళ్లడానికి ఉన్నది ఒక్కడే, చెంగన్న అనే గుర్రం. ఏరు పొంగినా, కార్చిచ్చు రేగినా ఆ చివరి నుంచి ఈ చివరిదాకా పరుగెత్తి అందరికీ చెప్పేవాడు. పరుగంటే అతనికి ప్రాణం. మేత మేసేటప్పుడు కూడా కాళ్లు కుదురుగా ఉండేవి కావు.

అడవి సభకు కార్యదర్శి జంబుకయ్య అనే నక్క. చెంగన్న కొలువు తన బావమరిదికి ఇప్పించాలని ఆయన కోరిక. తప్పు చేయనివాణ్ణి తీసెయ్యడం ఎలా? అందుకని సన్మానం పెట్టాడు. శాలువా కప్పి, బిరుదు ఇచ్చి, వానలు పడేదాకా విశ్రాంతి, పూటపూటా గంపెడు ఉలవలు అని ప్రకటించాడు. చెంగన్న కళ్లు చెమర్చాయి, పాపం.

భార్య తిరపమ్మకు మాత్రం ఇది నచ్చలేదు. కాస్త అటూ ఇటూ తిరిగి రమ్మని రోజూ పోరుపెట్టేది. శాలువా వేసుకున్నవాడు ఊరికే తిరిగితే ఏం బాగుంటుందని చెంగన్న కదలకుండా ఉలవలు నమిలేవాడు.

తొలకరి పడగానే నక్క సభ పిలిచి, కొండదాకా ఒక్క పరుగు తీసి చూపమన్నాడు. చెంగన్న హుషారుగా దూకాడు. కొంతదూరం పోయేసరికి వెనక తొడలు రాయిలా బిగుసుకుపోయాయి. ఒళ్లంతా చెమట, మూత్రం ఎర్రగా పడింది. అడుగు ముందుకు పడక, సిగ్గుతో తల వంచుకుని నిలబడిపోయాడు.

వైద్యుడు కొంగ వచ్చి తొడలు నొక్కి చూసి, ఇది కండరాల జబ్బన్నాడు. పని లేకుండా బలమైన దాణా మేపి, ఒక్కసారిగా పరుగెత్తిస్తే గుర్రాలకు వస్తుందట. ఉలవలు ఆపి, గడ్డీ నీళ్లూ ఇచ్చి, నొప్పి తగ్గాక రోజూ కాస్త నడిపిస్తే మళ్లీ పరుగెత్తుతాడట.

నక్క ఆ రెండో మాట వినిపించుకోలేదు. "ఉన్నచోటు నుంచి కదల్లేనివాడు కొలువుకు పనికిరాడు. తీర్మానం చేయండి" అన్నాడు.

అధ్యక్షుడు ఎలుగుబంటి ఉలిక్కిపడ్డాడు. ఆసనం మీంచి లేచి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. మిగతా సభ్యుల సంగతీ అంతే.

"కార్యదర్శిగారూ, ఇవాళ గుర్రాన్ని తీసేస్తాం. రేపు ఎవర్ని తీసేయమంటారు?" అన్నాడు.

సభ్యులు గుసగుసలాడుకుని తేల్చేశారు. కదలకపోవడం జబ్బు కాదు, హుందాతనం. కాబట్టి చెంగన్నకు జీవితాంతం సభ్యత్వం, ఉలవలు యథాతథం. ఇక సభలో నిత్యం ఉరుకులు పరుగులు పెట్టేది జంబుకయ్య ఒక్కడే గనక కబుర్లు మోసే పని ఆయనకే. నక్క నోరు తెరిచేలోపే ఎగువన ఏరు పొంగిన మోత వినిపించింది. తిట్టుకుంటూ వానలో పరుగు తీశాడు.

నొప్పి తగ్గాక తిరపమ్మ మొగుడి దగ్గరికి వచ్చింది.

"రావయ్యా, నాలుగడుగులు వేద్దాం. నువ్వు పరుగెత్తుతుంటే మళ్లీ ఒకసారి చూడాలని ఉంది" అంది.

చెంగన్నకూ వెళ్లాలనే ఉంది. కాని నడుస్తూ కనపడితే సభ్యత్వం ఉంటుందా? అంతలో ఉలవల గంప వచ్చింది.

"రేపట్నుంచి నడుద్దాంలే" అన్నాడు నములుతూ.

నీతి: ఏ జబ్బుకైనా మందుంది, ఆ జబ్బు వల్ల పదవి రానంతవరకు.